చర్మం సరే, మనిషేడీ?

ఏఐతో చేసిన బొమ్మ ఇంకా బొమ్మలాగే కనిపిస్తోందట. మైనం పూసినట్టుందట. అందుకని దాన్ని నిజం మనిషిలా మార్చే విద్య ఇప్పుడు జోరుగా నేర్పుతున్నారు. చర్మం మీద రంధ్రాలు పెట్టు. ఒక కన్ను రవ్వంత చిన్నది చెయ్యి. వెంట్రుకలు చెదరగొట్టు. వెలుగు ఒక పక్క నుంచే రానీ. పాత కెమెరా గరుకుదనం అద్దు. లోపం కలిపితే నిజమవుతుందన్నది ఆ విద్యలోని కిటుకు.

బాగుంది. మేం అడిగేది ఒక్కటే. ఎవరి నిజం?

యంత్రానికి సొంత కళ్లు లేవు. నెట్‌లో పోగుపడ్డ ఫొటోలు, వాటి పక్కన ఎవరో రాసిన మాటలు, అవే దాని చదువు. 2022లో బయటికొచ్చిన లయాన్ అనే ఒక్క పోగులోనే 585 కోట్ల జతలున్నాయి. వాటిలో మా గురించి మేం రాసుకున్నవెన్ని? 2023లో 'రెస్ట్ ఆఫ్ వరల్డ్' పత్రిక 'భారతీయ వ్యక్తి' బొమ్మలడిగితే మిడ్‌జర్నీ దాదాపు ప్రతిసారీ గడ్డం ముసలాయన్నే ఇచ్చింది. ఇంత దేశానికి ఒక్క మొహం మిగిల్చిన యంత్రం మాకేం మిగులుస్తుంది? టోపీ, గడ్డం, సుర్మా, బురఖా.

ఇది కొత్తా? తెలుగు సినిమా ఎన్నేళ్లుగా మాతో 'నిమ్‌కీ, హమ్‌కీ' అనిపించలేదూ? కాకపోతే అప్పుడు అంటించిన గడ్డానికి జిగురు కనిపించేది. అది వేషమని చూసేవాడికి తెలిసేది. ఇప్పుడు ఆ జిగురునే చెరిపేస్తున్నారు. 2023 మే నుంచి 2025 మే దాకా ముస్లింల మీద ద్వేషం చిమ్మిన ఏఐ బొమ్మలు, వీడియోలు 1,326 దొరికాయని, అవి 297 ఖాతాల నుంచి వచ్చాయని 'సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ ఆర్గనైజ్డ్ హేట్' లెక్క తేల్చింది. 2025 సెప్టెంబర్‌లో అస్సాం బీజేపీ, తాము లేకపోతే రాష్ట్రం ఇలా అవుతుందంటూ టోపీలవాళ్లతో నింపిన ఏఐ వీడియో పెట్టింది. వాళ్లెవరికీ బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. నమ్మేలా ఉంటే చాలు.

మా పల్నాడుకి రండి. మాచర్ల, గురజాల చేలల్లో మిరపకోతకి పోయే మా ఆడవాళ్లు ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకుంటారు. అది పర్దా కాదు. పక్క సాలులో కోసే కూలీలందరూ కట్టుకునే గుడ్డే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర అందరి మొహాలదీ ఒకటే తెలుపు. మా దూదేకుల తాతని చూడండి. ఇంట్లో తెలుగే. పీర్ల పండక్కి ముందుండేదీ ఆయనే. సర్కారు కాగితంలో బీసీ-బి. ఉర్దూ రాదని మాలోనే కొందరు 'మీరేం ముస్లింలు' అంటారు. బయటివాళ్లు 'తురకోళ్లు' అని దూరం పెడతారు. ఈయన్ని యంత్రం ఎలా గీస్తుంది? ముస్లిం అంటే టోపీ పెడుతుంది. టోపీ తీసెయ్యమంటే ముస్లింనే తీసేస్తుంది.

లౌకికవాద మిత్రులారా, మీకూ ఒక మాట. మతసామరస్యం పోస్టర్‌కి మీరు గీయించేదేమిటి? ఒకరికి బొట్టు, ఒకరికి సిలువ, మాకు టోపీ. టోపీ లేకుండా మమ్మల్ని పక్కన నిలబెట్టుకోలేరా? ద్వేషించేవాడూ, ప్రేమించే మీరూ ఒకే టోపీ దగ్గర ఆగితే మేమెక్కడికి పోవాలి? టోపీ మాకు నామోషీ కాదు. పెట్టుకునేది మేమై ఉండాలి.

తస్వీర్ హరామ్, మనకెందుకీ గొడవ అనే మా పెద్దలకూ చెబుతున్నాం. ఆధార్‌లో, ఓటరు కార్డులో మన తస్వీర్ ఎప్పుడో దిగింది. మనం వద్దంటే తస్వీర్ ఆగదు. ఇంకొకడు తీస్తాడు, ఇంకొకడు పేరు పెడతాడు.

ఏఐ బొమ్మ మీద ముద్ర ఉండాలని 2026 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. ఉండాల్సిందే. కానీ ఆ ముద్ర యంత్రం చేసిందని చెబుతుంది గానీ, అబద్ధమని చెప్పదు. అది చెప్పాల్సింది మేమే.

అందుకే మా ఫొటోలు మేం తీస్తాం, తీయించుకుంటామన్నవాళ్లవే తీస్తాం. నరసరావుపేట బజారులో, బట్టీ దగ్గర, మిరప కల్లంలో. కింద పని, ఊరు, మాట మేమే రాస్తాం, తెలుగులోనూ ఉర్దూలోనూ. మచ్చలంటారా, ఎండా సున్నమూ ఘాటూ మాకు చాలానే ఇచ్చాయి. యంత్రం అద్దనక్కర్లేదు.