గ్యాసు పోయిందట!

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి రిఫ్రిజిరేటరుతో పనేమిటని మీరడగవచ్చు. మా గడివేములలో ఒక్క మే నెల గడిపి చూడండి, ఆ ప్రశ్న మళ్ళీ అడగరు. మా మండలంలోని గని గ్రామాన్నీ, ప్రక్కనున్న ఓర్వకల్లు మండలంలోని శకునాలనూ కలుపుకొని 2017లో 1000 మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు వెలిసిందంటేనే ఇక్కడి ఎండ ఎంతటిదో బోధపడుతుంది. సూర్యభగవానుడు అంత ధారాళంగా కరెంటు ఇస్తాడు, ఆ ఎండకే మన ఇంటి ఫ్రిజ్జు సొమ్మసిల్లుతుంది. మెకానిక్కు వస్తాడు. తలుపు తీసి చెయ్యి పెట్టి చూస్తాడు. "గ్యాసు పోయింది సార్" అంటాడు.

ఆ మాట చెవిని పడగానే పర్సు తియ్యకండి. ఈ గ్యాసు స్కూటరులో పెట్రోలు వంటిది కాదు, వాడినకొద్దీ అయిపోవడానికి. మూసివున్న గొట్టాలలో ఏళ్ళ తరబడి అదే గ్యాసు తిరుగుతుంటుంది. పోయిందంటే ఎక్కడో చిల్లి పడిందన్నమాటే. చిల్లి పూడ్చకుండా మళ్ళీ నింపడం ఓటికుండలో నీళ్ళు పోయడం. కనుక "ఆ చిల్లి ఎక్కడుందో చూపించు నాయనా" అని నెమ్మదిగా అడగండి. నిజమైన పనివాడు చూపిస్తాడు. తక్కినవాడు ఫోను వచ్చిందంటూ బయటికి వెళతాడు.

అసలు మా పండితులు దీనికి పెట్టిన 'శీతలీకరణి' అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఇది చల్లదనాన్ని పుట్టించే యంత్రం కాదు. లోపలి వేడిని మోసుకువచ్చి బయట పారబోసే కూలి. లోపలి గొట్టాలలో ద్రవం ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి బయటి గొట్టాలలోకి తోస్తుంది. అక్కడ వేడిని గాలికి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. బరువు దించుకోవడానికి చోటు లేకపోతే పాపం, ఏ కూలి మాత్రం ఏం చేస్తాడు?

పోయిన వేసవిలో మా ఎదురింటి అక్కయ్యగారి ఫ్రిజ్జుకు ఈ గ్యాసు జబ్బే నిర్ణయించారు. ఆమె దిగులు పాలు విరిగిపోతాయని కాదు. బావగారి ఇన్సులిన్ సీసాలు అందులో ఉన్నాయి. వెళ్ళి చూద్దును గదా, ఫ్రిజ్జు పొయ్యికి ప్రక్కగా, మూలలో, గోడకు అంటించి ఉంది. నెత్తిమీది లేసుగుడ్డ వెనక్కి జారి వేలాడుతోంది. వెనక నల్లని ఊచల మీద దుమ్ము కంబళి కప్పినట్టుంది. "వెనకవైపు చెయ్యి పెడితే కాలుతోంది తమ్ముడూ, పేలదు గదా?" అన్నదామె. వేడెక్కడం దాని పనేనక్కా, ఆ వేడి పోయే దారి లేకపోవడమే చిక్కు అన్నాను. ప్లగ్గు పీకి, దుమ్ము దులిపి, పొయ్యికి దూరంగా, గోడకు జానెడు ఎడంగా జరిపాం. తెల్లవారేసరికి పెరుగు చల్లబడింది. (చాలా కొత్త ఫ్రిజ్జులలో ఆ ఊచలు కనబడవు, ప్రక్క గోడలలో దాగి ఉంటాయి. వాటి ప్రక్కలు వెచ్చబడితే కంగారుపడకండి.)

తరువాత చూడవలసింది తలుపు చుట్టూ ఉండే రబ్బరు. ఒక నోటు మధ్యన పెట్టి తలుపు వేసి లాగండి. పట్టు లేకుండా జారివచ్చిందా, అక్కడినుంచి ఊరి ఎండంతా లోపలికి వస్తున్నట్టే. చాలాసార్లు మడతల్లో చేరిన చింతపండు గుజ్జే కారణం. గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిస్తే పట్టు వస్తుంది.

పై అరలో మంచుగడ్డ పేరుకుంటే, ఇల్లాళ్ళకు నాదొక మనవి: కత్తి పట్టకండి. ఆ రేకు బహు సున్నితం. ఒక్క పోటుకు గ్యాసు నిజంగానే పోతుంది. మంచు కరిగించే మీట నొక్కి, రాత్రికి వదిలేయండి. నేటి ఫ్రిజ్జులు చాలావాటి వెనక చీటీ మీద 'ఆర్ 600ఎ' అని ఉంటుంది. అది మన వంటగ్యాసుకు దాయాది, నిప్పు అంటుకుంటుంది. దాన్ని నింపేటప్పుడు కిటికీలు తెరిచి ఉండాలి, పొయ్యి ఆరి ఉండాలి.

కరెంటు పోయి వచ్చాక 'టక్' మని చప్పుడై ఊరుకుంటుందా? గొట్టాలలో ఒత్తిడి సర్దుకోకముందే మోటారును లేపుతున్నారు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. మన ఓల్టేజి సంగతి తెలిసిందే గనుక, తనంతట తానే ఆ వ్యవధి ఇచ్చే స్టెబిలైజరు కొనడం మేలు. వెనక అడుగున నీరు చేరే పళ్ళెం ఉంటే వారానికొకసారి పారబోయండి. డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టడానికి ఆ మాత్రం నీళ్ళు చాలు.

ఇన్సులిన్ ఉన్న ఇళ్ళవారికి మరొక్క మాట. మూత తియ్యని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మంచు అరలో గాని, దాన్ని ఆనుకొని గాని పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. కరెంటు పోతే తలుపు మాటిమాటికీ తెరవకండి. ఎంతకీ రాకపోతే, వాడుతున్న సీసాకు మన పాత కుండే దిక్కు: పెద్ద కుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న కుండ దించి, అందులో సీసా పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, గాలి తగిలే నీడలో ఉంచండి. ఇసుక ఆరకుండా మధ్యమధ్య నీళ్ళు చల్లుతుండాలి.