నెత్తళ్ళన్నీ ఒకటి కాదు

మా కడపకి సముద్రం లేదు గానీ, సంతలో నెత్తళ్ళకి కరువు లేదు. గోనెపట్టా మీద కుప్ప పోసి అమ్ముతుంటారు. అమ్మ తలలు తుంచి, పెనం మీద వేయించి, వంకాయతో పులుసు పెడుతుంది. ఆ కుప్పలో ఎన్ని రకాల చేపలున్నాయో నేనెప్పుడూ అడగలేదు, పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టు దాకా.

ఫొటో చూసి చేప పేరు చెప్పే యాప్ చేద్దామనుకున్నాం. ఈ కుప్ప ఫొటోలన్నిటికీ 'నెత్తళ్ళు' అని ఒకటే లేబుల్ పెట్టేశాం. అక్యురసీ బ్రహ్మాండంగా వచ్చింది. రాదా మరి!

తర్వాత తెలిసింది, మనం నెత్తళ్ళు అనేసే స్టోలెఫోరస్ ప్రజాతిలో చాలా జాతులున్నాయని. ఒకదాని పేరు స్టోలెఫోరస్ ఆంధ్రాయెన్సిస్. మన ఆంధ్ర పేరే! 1966లో బాబూరావు అనే శాస్త్రవేత్త దాన్ని కొత్త జాతిగా వర్ణించారు. డీఎన్ఏ పరీక్షలు లేని కాలం. ఈ చేపల్లో తేడా పట్టాలంటే పొట్ట అడుగున సూదిమొనల్లాంటి పొలుసులెన్ని, మొప్పల లోపల దువ్వెన పళ్ళలాంటివి ఎన్ని, పైదవడ ఎముక ఎంత వెనక్కి పోయింది అని ఓపిగ్గా లెక్కపెట్టాలి, దగ్గరి జాతులతో పోల్చాలి. వర్ణన అచ్చువేసి, నమూనా చేపను భద్రపరచాలి. వేలెడంత చేపకి ఇంత తతంగమా అంటే, అవును.

మా ఫొటోలన్నీ పైనుంచి తీసినవి. పొట్టే కనపడదు. ఇక ఏ మోడల్ ఏం చేస్తుంది?

"తినే చేపకి ఇంత ఎందుకురా?" అన్నాడు రూమ్మేట్. మన లంకమల కలివికోడిని గుర్తు చేశా. 1848లో బ్లైత్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. తర్వాత కనపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మన జిల్లాలోనే మళ్ళీ దొరికింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. ఏదో పిట్టలే అనుకొనుంటే కాలువ పక్కకి జరిగేదా? పేరు లేని ప్రాణి తరఫున ఎవరు వాదిస్తారు?

అందుకే నా మాట: ఇలాంటి ప్రాజెక్టుల్లో కోడ్ రాసినవాడి కంటే లేబుల్ సరిగ్గా రాసినవాడికే ఎక్కువ మార్కులు వెయ్యాలి. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఇది నచ్చలేదు, వాళ్ళు కోడ్ రాసినవాళ్ళు లెండి.

ఈసారి జువాలజీ చదివే ఒకమ్మాయిని టీమ్‌లో కలుపుకున్నాం. తాజా చేపలు, భూతద్దం, పొట్ట వైపు ఫొటో తప్పనిసరి. లెక్క అయ్యాక చేపలు పారెయ్యకుండా ఇంటికి తెమ్మంది అమ్మ.