బజారులో బోధ, పాలెంలో మాట

శ్రీహరికోటలో వీధి సువార్త చెప్పాలంటే ముందు పాసు సంపాదించాలి. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ ఎగిరిన దగ్గరనుంచి ఆ దీవి రాకెట్ కేంద్రం షార్‌ది. అక్కడి యానాదుల్లో చాలామంది అంతకుముందే ఇల్లూ వాకిలీ ఎత్తుకుని కదలాల్సి వచ్చింది. అందువల్ల మైకు పట్టిన బోధకుడి దారి ఇవతలి ఒడ్డున సూళ్లూరుపేట బజారులోనే ఆగిపోతుంది. ఆగినచోట మాత్రం గొంతు బాగానే లేస్తుంది. ఆటో మీద రెండు సౌండ్ బాక్సులు. మొదట ఒక పాట, పాట వెనకే ఈ రాత్రి నువ్వు పోతే నీ ఆత్మ ఎక్కడికి పోతుందన్న ప్రశ్న. కొందరు బోధకులు అక్కడితో ఆపి, కరపత్రాలు పంచి, వందనాలు చెప్పి వెళ్లిపోతారు. వారితో ఎవరికీ పేచీ లేదు. ఇంకొందరు బొమ్మలకు మొక్కేవాళ్ల గతి ఏమిటో, ఏ గుండంలో ఎన్నాళ్లు కాలుతారో వర్ణించే దాకా ఊరుకోరు. రాత్రీ పగలూ తలుపులు వేయని గుడి అని ఊరంతా చెప్పుకొనే చెంగాళమ్మ ఉన్న ఊళ్లో ఈ వర్ణన!

వింటున్నవాళ్లను చూస్తే సంగతి తెలిసిపోతుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఫోన్లలోకి తలలు దించుకుంటారు. శనక్కాయల బండివాడు కరపత్రాన్ని రెండు చేతులా అందుకుంటాడు, కాసేపటికి దాన్నే పొట్లం చుడతాడు. ‘అన్నా, కొంచెం సౌండు తగ్గించు, బేరం వినపడ్డంలా’ అని ఒకడంటే, ‘ఇది దేవుని మాట తమ్ముడూ’ అని జవాబు వస్తుంది. ఆ తమ్ముడు ఇక నోరెత్తడు. అతను ఒప్పుకున్నాడని బోధకుడు అనుకుంటాడేమో. బేరం చెడగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాడంతే.

ఇలాంటి బోధకుణ్ని ఫలితం సంగతేమిటని అడిగితే, ఫలితం దేవుడిదంటాడు, హెచ్చరించడం వరకే తన పని అంటాడు. కావలివాడు బూర ఊదకపోతే చచ్చినవాడి రక్తం కావలివాడి మీదికే వస్తుందన్న యెహెజ్కేలు మాటను ఆధారం చూపిస్తాడు. ఈ వాదనలో నిజాయితీ ఉంది, ఎండలో నిలబడి ఎదుటివాళ్ల చీదరింపు భరించడానికి గుండె కూడా కావాలి. కాని ఇలా మొదలుపెడితే లెక్క తేలదు. ఎవరూ వినకపోయినా తన బాధ్యత తీరిందని తృప్తి, రాళ్లు పడితే హింస పొందానని మరింత తృప్తి. రెండువిధాలా లాభం చెప్పినవాడికే. వినాల్సినవాడు ఈ లెక్కలో ఎక్కడా లేడు. మత్తయి తన సువార్త 12వ అధ్యాయంలో యెషయా ప్రవచనాన్ని గుర్తుచేస్తూ బజారులో రచ్చకెక్కని సేవకుణ్ని యేసులో చూశాడు. ఆటో ఎక్కేముందు ఆ అధ్యాయం ఒకసారి తిరగేస్తే తప్పులేదు.

వీధిలో తిట్టించుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. వేమన తిట్టినంతగా ఇంకెవరు తిట్టారు? రాతి దేవుళ్లనూ, మడినీ, తీర్థయాత్రలనూ, దొంగ గురువులనూ దులిపేశాడు, జనం ఆయన్ని పిల్లలకు నేర్పుకున్నారు. వీరబ్రహ్మం తత్వాలను పాలేల్లో తంబురా మీద పాడుకున్నారు. వాళ్లు కోప్పడింది తామూ ఒకరైన జనాన్ని. వాళ్ల మాటలో నువ్వు నరకానికి, నేను పరలోకానికి అన్న పంపకం లేదు.

నెల్లూరు సీమ వీధి బోధ విషయంలో ఒక పెద్ద పరీక్షే చూసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఈ దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో కాపురం పెట్టాడు. 1849లో లైమన్ జువెట్ వచ్చి కలిశాడు. బజార్లలో, తిరునాళ్లలో, సత్రాల దగ్గర బోధించారు, పుస్తకాలు పంచారు, పండితులతో వాదించారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవారు కొద్దిమందే. ఈ మిషన్‌ను ఎత్తేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. పటంలో ఒంటరి చుక్కలా ఉందని దీనికి లోన్ స్టార్ అని పేరు పడింది కూడా అప్పుడే. దక్షిణాన నాయుడుపేటలో 1860ల నుంచి పాతుకున్న జర్మన్ లూథరన్లు, హెర్మన్స్‌బర్గ్ మిషన్‌వాళ్లు, పై కులాలమీద ఆశ పెట్టుకుని అంతే ఓపికపట్టారు. ఇందరు ఇన్నేళ్లు మాట్లాడినా కదలని సీమ 1866 తర్వాత కదిలింది. కదిలించింది బజారు కాదు.

యర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమటి పల్లెవాడు, మాదిగ, తోలు వ్యాపారి. క్రైస్తవం చెవిన పడకముందే బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ బంధువు ఒకడు కొత్త మతంలో చేరి ఉన్నాడు. పేరయ్యకు సువార్త చెప్పింది ఆ బంధువే. తిరిగొచ్చి 1866లో జువెట్ చేతిమీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత పేరయ్య మిషన్ బంగళా దగ్గర మకాం పెట్టలేదు, వియ్యంకుల ఊళ్లు, మేనమామల ఊళ్లు, తోలు కొనే ఊళ్లు తిరిగాడు. రాత్రిపూట పాలెంలో కూర్చుని, తన యోగసాధనలో వెతికింది ఇక్కడ దొరికిందని చెప్పాడు. 1867 జనవరిలో అదే మిషన్ బోధకుడు జాన్ క్లౌ ఆ పల్లెకు వెళ్లి గుడారం వేసేసరికి జనం మూటలు కట్టుకుని వచ్చి ఉన్నారు, వారిలో 28 మందికి అప్పుడే బాప్తిస్మమైంది. తెలుగునాట క్రైస్తవం చుట్టరికం దారిన నడిచింది. నాసరయ్య, వీరబ్రహ్మం వంటి గురువుల శిష్యకోటి ఆ దారిని అంతకుముందే తొక్కి ఉంది. ఈ సంగతులు వివరంగా తెలుసుకోవాలంటే క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగ పల్లెల కథలతో వెలువరించిన పుస్తకం చూడాలి. దాన్ని ఈ తరం తెలుగు పాఠకులకు గుర్తుచేసే పని మన పత్రికలు చేయాల్సింది.

తర్వాత 1876–78 కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పులికాట్ మీదుగా శ్రీహరికోట కట్టెలు మద్రాసుకు పడవల్లో వెళ్లింది ఆ కాలువలోనే. క్లౌ తన బోధకులను తవ్వేవాళ్ల గుంపులకు మేస్త్రీలుగా పెట్టాడు. మధ్యాహ్నం పార కిందపెట్టి సేదతీరేటప్పుడు పక్కన కూర్చున్న మేస్త్రీని కూలీలే అడిగేవాళ్లు, అతను చెప్పేవాడు. గంజికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ, సుమారు 15 నెలలు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పంచడం ముగిసిన తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమైంది. నీళ్లలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులు, క్లౌ కాదు. ఈ సంఖ్యను గొప్పగా చెప్పుకొనే సభల్లో ఆ మధ్యాహ్నపు ముచ్చట్ల ఊసు మాత్రం రాదు.

అయితే ఘర్షణ లేదనుకుంటే పొరపాటు. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని వద్దు, చచ్చిన గొడ్డు మాంసం వద్దు, విగ్రహాలకు మొక్కడం వద్దు. మూడోదానితో జాతరలో డప్పు ఆగింది. ఊరికి కోపం వచ్చింది. బావులు మూశారు, కూలి పిలుపులు ఆపేశారు. డప్పు కొట్టాల్సినవాడు కొట్టనని కూర్చోవడమంత గట్టి బోధ ఏ ఆటో బాక్సులోంచి వినబడుతుంది? ఆ మాట చెప్పినవాడు ఎవరి దేవుణ్నీ తిట్టనక్కర్లేకపోయింది. తన చేతులను వెనక్కి తీసుకున్నాడు, చాలింది.

వీధి బోధను ఒట్టి అల్లరిగా కొట్టిపారేయడానికి ఇక్కడే మనసొప్పదు. చెప్పులు చేతబట్టుకుని పెద్ద వీధి దాటాల్సిన మనిషి అదే వీధి నడుమ నిలబడి, చేతిలో పుస్తకంతో పదిమందిని ఉద్దేశించి మాట్లాడటం, వాక్యం ఏదైనా సరే, ఆ ఊళ్లో పెద్ద సంఘటన. 1739లో వెస్లీ, విట్‌ఫీల్డ్ బ్రిస్టల్ దగ్గర బొగ్గు గని కూలీలకు ఆరుబయట బోధించినప్పుడూ, గుడి గుమ్మం ఎక్కని జనం దగ్గరికి మాట నడిచి వెళ్లింది. 1882లో సాల్వేషన్ ఆర్మీవాళ్లను బొంబాయి వీధుల్లో ఊరేగినందుకు పోలీసులు పట్టుకుంటే, వాళ్ల పక్షాన మాట్లాడినవారిలో బ్రహ్మసమాజి కేశవచంద్ర సేన్ ఉన్నాడు. ఈ మూడుచోట్లా ఎదిరింపు బలవంతుడి మీద, దారిన పోయేవాడి మీద కాదు. ఇవాళ సూళ్లూరుపేట బజారులో మైకు పట్టినవాడు ఎవరిని ఎదిరిస్తున్నాడు? శనక్కాయల బండివాణ్ని.

ఎదిరిస్తే ఎదురు వస్తుంది, అదీ పాత కథే. మిషనరీల పట్టును, వాళ్లవైపు మొగ్గే సర్కారునూ ఎదుర్కోడానికి మన గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో మద్రాసులో క్రెసెంట్ పత్రిక నడిపాడు. 1887లో అదే మద్రాసులో హిందూ ట్రాక్ట్ సొసైటీ పుట్టి, కరపత్రానికి కరపత్రం, వీధి బోధకు వీధి బోధ అని దిగింది. ఇప్పటి కథ యూట్యూబులో నడుస్తోంది: ఇటు పాస్టరుగారి సవాలు, అటు స్వామీజీ జవాబు, కింద బూతులు. మారుమనస్సు పొందినవాళ్లెవరో తెలియదు గాని పొరుగువాళ్ల మధ్య పలకరింపులు మాత్రం తగ్గాయి. ఒక బజారులో ఒకడు పేలిన మాటకు ఎక్కడో పల్లెలో పదిళ్ల సంఘం నడుపుకునే పేద పాస్టరు బదులు చెప్పుకోవాల్సి వస్తోంది. ఆ బాధ మైకు పట్టినవాడికి పట్టదు, సాయంత్రానికి అతను వేరే ఊళ్లో ఉంటాడు.

చట్టం సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 25వ అధికరణ మతప్రచారానికి హక్కు ఇచ్చింది. ఎదుటివాణ్ని మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అంది. మైకులతో ఇరుగుపొరుగు ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000లో మద్రాసు చర్చి ఒకదాని కేసులో అదే కోర్టు తేల్చింది. తిరుమల మీద అన్యమత ప్రచారాన్ని రాష్ట్రప్రభుత్వం 2007లో నిషేధించింది. అలాంటి చట్టం చేసేదాకా రావడమే వీధి బోధ సాధించిన ‘ఫలితాల్లో’ ఒకటని క్రైస్తవ పెద్దలు ఒప్పుకోవాలి.

ఏ సంఘంలోనైనా ఆదివారం సాక్ష్యాలు కాసేపు వినండి. మా వదినె పిలిస్తే వచ్చానంటారు. బిడ్డకు జబ్బు చేస్తే పక్కింటామె రాత్రంతా కూర్చుని ప్రార్థన చేసిందంటారు. తాగుడు మానిన అన్నను చూసి వచ్చానంటారు. బజారులో తిడితే మారానన్నవారు బహు అరుదు. రోడ్డు మీద దొరికిన కరపత్రం చదివి వచ్చానన్నవాళ్లు అప్పుడప్పుడూ ఉంటారు. అదైనా ఒంటరిగా, తమంతట తాము చదువుకున్నదే.

మరి చదువుకున్న తెలుగు పాఠకుడి దగ్గరికి క్రీస్తు ఎలా చేరాడు? పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగతాళాలతో ఇళ్లలోకి వెళ్లాయి. గుర్రం జాషువా క్రీస్తు కథను పద్యంలో పెట్టాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఏ బోధకుడి మాటనూ గుమ్మం తొక్కనివ్వని ఇళ్లలో ఆ పుస్తకం అలమరలోకి చేరింది. పద్యం బాగుందని చదివారు, చదువుతూ చదువుతూ సిలువ దాకా వెళ్లారు. మతం మారారా అంటే లేదు, మారమని జాషువా అడగనూ లేదు. ఆటో బాక్సులకు పెట్టే డబ్బులో నాలుగో వంతు పెట్టి ఆ కావ్యాన్ని చవక ప్రతిగా వేసి, కోస్తా ఊళ్ల లైబ్రరీలకు పంచే సంఘం ఏదైనా ముందుకొస్తే, ప్రూఫులు దిద్దే పని ఈ పత్రిక ఉచితంగా చేసిపెడుతుంది.