ఒక్క ఏడాదే కదా!

"మామా, జర్మనీ పోయే అవకాశం వచ్చింది. ఒక్క ఏడాదే!"

2024 శివరాత్రికి పరిగి వెళ్తే, చెప్పులు విడవక ముందే మా మేనకోడలు చెప్పిన కబురిది. అప్పటికి చెన్నైలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. వంటింట్లోంచి మా అక్క, పెరట్లోంచి మా బావ, మంచం మీంచి వాళ్ల అవ్వ... ముగ్గురూ ఒక్కసారే నా మొహం చూశారు. పిల్ల చెప్పినదాన్ని నేను తెలుగులోకి మార్చి చెప్పాలన్నట్టు!

పరిగి అనగానే చాలామంది వికారాబాద్ దగ్గరి ఊరనుకుంటారు. మాది హిందూపురం పక్కనున్న పరిగి. పెద్ద చెరువు, వేరుశనగ, మల్బరీ తోటలు, రాగిసంగటి. కాస్త దూరం పోతే కర్ణాటక. తల్లి ఒడిలో తెలుగు, వీధిలో కన్నడం నేర్చుకునే ఊళ్లు మావి. బావ కూడా అందరిలాగే పట్టుపురుగులు పెంచుతాడు. గూళ్లు హిందూపురం మార్కెట్‌కు వేసి, వచ్చిన డబ్బుతోనే కూతుర్ని చెన్నైలో చదివిస్తున్నాడు.

"ఒక ఏడాది పోతే ఇక్కడ చదువు ఏమైతాది? ఏడాది చెడినట్లేనా?" అన్నాడు బావ. మంచి ప్రశ్న. అసలు అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

విదేశీ చదువు అనగానే మనకు గుర్తొచ్చేది డిగ్రీ కోసం వెళ్లిపోవడం. ఇది అది కాదు. రెండు విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకుని ఒకరి విద్యార్థుల్ని మరొకరు కొన్నాళ్లు చదివించుకుంటాయి. దీన్నే ఎక్స్ఛేంజ్ అంటున్నారు. బావకు ఇలా చెప్పాను. "మన చేలో వాళ్లొక రోజు, వాళ్ల చేలో మనమొక రోజు చేసుకుంటాం చూడు, అట్లాంటిదే. ఫీజు ఇక్కడే కడతాం. డిగ్రీ ఇక్కడిదే. అక్కడ చదివిన పాఠాలను ఇక్కడి లెక్కలో వేసుకుంటారు."

అయితే ఆ లెక్క దానంతటదే పడదు. అక్కడ ఏ పాఠం చదివితే ఇక్కడ ఏ పాఠానికి సరిపోతుందో వెళ్లకముందే కాగితం మీద రాసుకుని, రెండు వైపులా సంతకాలు చేయించుకోవాలి. యూరప్‌లో పూర్తి ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. వాటిలో ఎన్నింటిని మన కాలేజీ ఒప్పుకుంటుందో ముందే తేల్చుకోకపోతే, బావ భయపడ్డట్టు ఏడాది నిజంగానే చెడుతుంది. పిల్ల ఆ సంతకాల కోసమే రెండు నెలలు తిరిగింది.

తర్వాతిది డబ్బు సంగతి. "బ్యాంకులో పదకొండు లక్షలు కట్టమంటున్నారంట" అని ఊళ్లో పుకారు లేచింది. అది సగమే నిజం. జర్మనీ వీసాకు, స్కాలర్‌షిప్ లేనివాళ్లు ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్ము ఉన్నట్టు చూపించాలి. ఎక్కువమంది 'బ్లాక్డ్ అకౌంట్' అనే ఖాతాలో వేస్తారు. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. అది ఫీజు కాదు, ఎవరూ మింగేసేదీ కాదు. అక్కడికెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మన పిల్లకే ఇస్తారు. గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ అందులోనే. బావ రెండు పంటల గూళ్ల డబ్బు, అక్క నగల మీద తెచ్చిన అప్పు కలిపి ఎలాగో సర్దాడు.

అవ్వకు ఈ లెక్కలేవీ పట్టలేదు. ఆమెది ఒకటే మాట. "పోతే పోనీలే నాయనా. మళ్లీ వస్తాదా?"

"డిగ్రీ ఇక్కడే తీసుకోవాల కదత్తా, రాక యాడికి పోతాది?" అన్నాను. ఆ మాట పట్టుకునే ఆమె ఒప్పుకుంది. సెప్టెంబరు నెలాఖరులో బెంగళూరులో విమానం ఎక్కించి వచ్చాం.

పిల్ల వెళ్లింది డ్రెస్డెన్‌కు. తూర్పు జర్మనీలో, ఎల్బే నది ఒడ్డున ఉన్న నగరం. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం 1828లో మొదలైంది. జర్మనీ సాంకేతిక విద్యతో మన దక్షిణాదికి పాత చుట్టరికమే ఉంది. 1959లో మద్రాసు ఐఐటీ పుట్టింది పశ్చిమ జర్మనీ సాయంతోనే. ఇప్పుడైతే మనవాళ్ల రాక మరీ ఎక్కువ. 2023-24 శీతాకాలం సెమిస్టర్ నాటికే జర్మనీలో మన దేశపు విద్యార్థులు 49 వేలు దాటారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం.

మొదటి రెండు నెలలూ ఫోన్ల పండగే. గదిలో దిగిన రెండు వారాల్లో నగర కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలట. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదట. ఆదివారం అంగళ్లుండవు, శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి. ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు చేతికొస్తాయి. "అయితే మన ఊరి సీసాలన్నీ ఆడికే పంపిద్దాం" అని అవ్వ నవ్వింది.

భాష గురించి పిల్ల చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "మామా, జర్మన్‌లో కూడా మనలాగే నువ్వు, మీరు వేరువేరుగా ఉన్నాయి. ఎవరిని ఏమనాలో నాకు వెంటనే అర్థమైపోయింది" అంది. తెలుగు, కన్నడం కలిసి పెరిగిన పిల్లకు కొత్త భాషంటే బెరుకెందుకుంటుంది! ఊరి బడిలో చదివాం, భాష రాదేమో అని జంకే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

డిసెంబరు వచ్చింది. అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. గొంతులో హుషారు తగ్గింది. "చీకటిగా ఉంది మామా" అనేది ఊరికే. 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ అంగడి అక్కడుంది. దీపాలు, అల్లం రొట్టెలు, జనం. ఆ వీడియో పంపింది. అవ్వ దాన్ని పదిసార్లు చూసి, "మన తిరునాళ్లే! కాకపోతే అందరూ కంబళ్లు కప్పుకున్నారు" అంది.

జనవరిలో అవ్వ పోయింది.

జ్వరమని హిందూపురం ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూడో రోజు తెల్లవారుజామున ఊపిరి ఆగింది. మల్బరీ తోట గట్టున సమాధి చేశాం. మట్టి వేసి ఇంటికొచ్చాక బావ నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డకు ఫిబ్రవరిలో పరీక్షలు. ఇప్పుడు చెప్తే చదువుతాదా? వస్తానంటే టికెట్‌కు రూకలు యాడ తెచ్చేది? అయినంక చెప్దామా?"

నేను సరేనన్నాను.

సరేనన్నదే కాదు, అందరికీ జాగ్రత్తలు చెప్పిందీ నేనే. ఫోన్ వస్తే అవ్వ నిద్రపోతోందనండి, వీడియో కాల్ ఎత్తకండి, సిగ్నల్ లేదనండి... ఇంతమందిమి కలిసి ఒక పిల్లతో పదకొండు రోజులు అబద్ధమాడాం. మంచికే అనుకున్నాం.

పన్నెండో రోజు మా బంధువుల కుర్రాడొకడు ఫోన్ స్టేటస్‌లో అవ్వ ఫొటో పెట్టాడు. పూలదండతో.

పిల్ల నాకే ఫోన్ చేసింది. ఏడవలేదు. "మామా, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో, ఏ బ్యాంకులో ఎంత వేయాలో నాతో కూర్చుని మాట్లాడినారు. అప్పుడు పెద్దదాన్నే కదా! ఇది చెప్పనీకి మాత్రం చిన్నదాన్నయినానా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఇంకో మాట అంది. అది ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "ఇంగ మీరు బాగున్నామని చెప్తే నేనెట్ల నమ్మాల మామా?"

నిజమే. మేం కాపాడింది ఆమె చదువును అనుకున్నాం. పోగొట్టింది ఆమె నమ్మకాన్ని. ఏడువేల కిలోమీటర్ల అవతల ఒంటరిగా ఉన్న పిల్లకు ఇంటి నుంచి వచ్చే మాటే ఆసరా. ఆ మాటనే మేం అనుమానంలో పడేశాం. తర్వాత రెండు నెలలు ఎప్పుడు ఫోన్ చేసినా "వీడియో ఆన్ చేయండి, అందరూ కనపడండి" అనేది. అక్క దగ్గితే చాలు, "ఏమైంది? నిజం చెప్పు" అనేది.

పరీక్షలు రాసింది. ఒక పరీక్ష మాత్రం తప్పిపోయింది. అక్కడ పాఠానికి హాజరైతే సరిపోదు, పరీక్ష రాస్తానని గడువులోగా విడిగా నమోదు చేసుకోవాలి. ఆ గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే దాటింది. అదృష్టం, వెళ్లింది ఏడాదికి. రెండో సెమిస్టర్‌లో రాసుకుంది. అదే ఒక్క సెమిస్టర్‌కే వెళ్లి ఉంటే ఆ క్రెడిట్లు పోయినట్టే.

మార్చిలో ఫలితాలొచ్చాయి. బావ కంగారుగా ఫోన్ చేశాడు. "ఏమప్పా, బిడ్డకు ఒకటి పాయింట్ మూడు వచ్చిందంట! పదికా, నూటికా?" అక్కడ 1.0 అంటే అన్నింటికన్నా మేలు, 4.0 దాకా పాసు, 5 వస్తే తప్పినట్టు అని చెబితే తేరుకున్నాడు. కాసేపాగి, "అమ్మ ఉండింటే ఊరంతా చెప్పుండు" అన్నాడు.

వేసవిలో పిల్ల రైలెక్కి హాలే అనే ఊరికి వెళ్లింది. డ్రెస్డెన్‌కు పెద్ద దూరం కాదు. ఆ ఊరిపేరు మనకు తెలియకపోవచ్చు గానీ, తెలుగులో తొలి పుస్తకాలు అచ్చయింది అక్కడే, 1746 ప్రాంతంలో. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మతబోధకుడు మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్లాక అక్కడ అచ్చు వేయించాడు. బ్రౌన్ దొర కడపకు రావడానికి డెబ్భై ఏళ్లకు పైగా ముందన్నమాట! ఆ పాత విద్యాసంస్థ ముంగిట నిలబడి ఫొటో పంపుతూ పిల్ల రాసింది: "మన అక్షరాలు నాకంటే ముందే ఇక్కడికొచ్చాయి మామా." నెలల తర్వాత ఆమె మాటలో మళ్లీ పాత హుషారు కనిపించింది. నన్ను క్షమించిందో లేదో అడగలేదు. ఫొటో నాకే పంపింది, అది చాలనుకున్నాను.

2025 ఆగస్టులో వచ్చింది. పెట్టె గుమ్మంలోనే పెట్టి ముందు తోట గట్టుకు వెళ్లింది. ఎవరం వెంట వెళ్లలేదు. చీకటి పడ్డాక వచ్చి, సంగటి పెట్టమంది.

మొన్న పక్కూరి నుంచి ఓ తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వాడికీ అలాంటి అవకాశమే వచ్చిందట. "ఒక్క ఏడాదే కదమ్మా, పంపిస్తే ఏమవుతుంది?" అని మా పిల్లను అడిగింది.

మా పిల్ల పాఠాల ఒప్పందం గురించి, బ్లాక్డ్ అకౌంట్ గురించి, పరీక్షల గడువు గురించి ఓపిగ్గా చెప్పింది. నెలనెలా వచ్చే డబ్బులో అప్పటికప్పుడు విమానం టికెట్ కొనడం కుదరదు కాబట్టి, రానూపోనూ టికెట్ డబ్బు విడిగా తీసిపెట్టుకోమంది. పిల్లవాడు అన్నీ రాసుకున్నాడు. వాళ్లు లేచేటప్పుడు ఆ తల్లి చేయి పట్టుకుంది.

"పంపించు పెద్దమ్మా, మంచిదే. ఒక మాట మాత్రం వాడు పోకముందే ఇయ్యండి. ఇంట్లో ఏం జరిగినా ఆ రోజే చెప్తామని."

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల నా వైపు చూడలేదు. చూడనక్కర్లేదు కూడా.