మీరాలం ఒడ్డున కొంత బురద మిగలనివ్వండి

హైదరాబాద్‌లోని మీరాలం చెరువు మీద తీగల వంతెన కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒడ్డుకు రాళ్లు పరిచి, వరుసగా దీపాలు పెట్టి అందంగా చేస్తే బాగుంటుందనే మాట కూడా తరచూ వింటున్నాను. వంతెన వద్దని నేను అనను. బహదూర్‌పురా దారిలో సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికి చేరేవాళ్లెవరూ అనరు. నా గోడంతా ఒడ్డు గురించే.

పాతబస్తీలోని ఓ సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. మా పిల్లల్లో చాలామందివి ఒకటి, రెండు గదుల ఇళ్లు. ఆడుకోవడానికి గల్లీ తప్ప మరో చోటు లేదు. చలికాలం పొద్దున పూట వాళ్లను చెరువు దగ్గరికి తీసుకెళ్తుంటాను. బుడుబుంగ పిట్ట మునగ్గానే అందరూ ఊపిరి బిగబడతారు. "టీచర్, గిది మల్ల యాడ తేల్తది?" అని పందేలు కాస్తారు. పక్కనే జూ ఉంది. 1963 నుంచి పిల్లలకు పులినీ సింహాన్నీ చూపిస్తున్న గొప్ప చోటు అది. కానీ ఎవరూ తిండి పెట్టకుండా, తన బతుకు తాను బతికే ప్రాణిని చూడటం వేరు.

నిజాం దివాను మీర్ ఆలం 1804లో మొదలుపెట్టించిన చెరువు ఇది. దాని కట్టలోని 21 అర్ధచంద్రాకారపు కమానులు నీటి బరువును ఇప్పటికీ మోస్తున్నాయి. ఉస్మాన్‌సాగర్ రాకముందు ఈ నగరం ఈ నీళ్లు తాగింది. ఇప్పుడు ఇందులోకి మురుగు వస్తోంది. మురుగు తిని గుర్రపు డెక్క పెరుగుతుంది. అది నీటిని కప్పేస్తే కింద చేపలకు ప్రాణవాయువు అందదు, చేప లేని చోటికి కొంగ రాదు. కాబట్టి ఖర్చు పెట్టాల్సిన మొదటి రూపాయి మురుగును ఆపడానికే పెట్టాలి.

ఇక ఒడ్డు సంగతి. ఎర్రకాళ్ల కొంగ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీటిలో ఉంచుతుంది. చేప తగిలిన క్షణంలో టక్కున మూస్తుంది. ఒడ్డు వెంట నిలువు గోడ కట్టి లోతు చేస్తే దానికి కాలు మోపే చోటే ఉండదు. రాత్రంతా దీపాలు వెలిగితే చెట్ల మీద వాలే పక్షులకు నిద్ర ఉండదు.

మరి మనుషులు నడవొద్దా? తప్పకుండా నడవాలి. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం చూడండి. మడ అడవి మధ్యలో చెక్క బాట వేశారు. పైన జనం నడుస్తుంటారు, కింద బురదలోకి సముద్రపు పోటు వచ్చిపోతూనే ఉంటుంది. బావురుపిల్లులు, నీటికుక్కలు తిరిగే అడవిలోనే అది సాధ్యమైంది. మీరాలంలోనూ ఒక పక్క అలాంటి ఎత్తు బాట, కూర్చునే చోటు, తెలుగులోనూ ఉర్దూలోనూ పక్షుల బొమ్మల పలకలు పెట్టండి. మిగతా ఒడ్డును తుంగకూ బురదకూ వదిలేయండి.

ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షులను లెక్కపెడతారు. మీరాలం లెక్కకు పాతబస్తీ బడుల పిల్లలను పిలవాలని అటవీ శాఖను కోరుతున్నాను. బడికి రెండు బైనాక్యులర్లు ఇస్తే చాలు.