పిల్లల్ని పట్టించుకోని తల్లిదండ్రులు ఎవరు?

"పేరెంట్స్ పట్టించుకుంటే గవర్నమెంటు బడులు ఎప్పుడో బాగుపడేవండీ."

ఈ మాట మా ఆఫీసు కేంటీన్లో విన్నాను. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చదివాను. సాహిత్య సభల్లో, మైకు ముందు కాదులెండి, టీ కప్పుల దగ్గర విన్నాను. నిజం చెప్పాలంటే కొన్నేళ్ళ కిందటి దాకా నేనూ అన్నాను. అనడం చాలా తేలిక. ఈ ఒక్క వాక్యంతో ప్రభుత్వం తప్పుకుంటుంది, టీచర్లు తప్పుకుంటారు, పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే మనలాంటివాళ్ళూ తప్పుకుంటాం. చివరికి నేరం వెళ్ళి కొండమీద ఉన్నవాడి నెత్తిన కూచుంటుంది.

2025 డిసెంబరు 5న రాష్ట్రమంతటా మూడోసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది. ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి పార్వతీపురం మన్యం జిల్లా భామినికి వచ్చారు. భామిని అంటే సీతంపేటకి పక్క మండలమే. మావైపు ఊరి పేరు టీవీలో వినబడితే సంతోషమే. ఆ సాయంత్రం మా గ్రూపులో ఒకాయన ఆ వీడియో పెట్టి, "ఇంత చేస్తున్నా ట్రైబల్స్‌లో అవేర్‌నెస్ లేదు, వాళ్ళకి చదువు విలువ తెలీదు" అని రాశాడు. కింద పద్నాలుగు బొటనవేళ్ళు. ఆ పద్నాలుగు మందిలో సీతంపేట ఎక్కడుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏమీ రాయకుండా ఊరుకున్నాను. అక్కడ రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది పాలకొండ. కొండ దిగితే మా ఊరు, ఎక్కితే సీతంపేట. మా నాన్న ప్రభుత్వ టీచరు. సీతంపేట మండలంలో కొండమీద ఒక సవర గూడలో ఏకోపాధ్యాయ పాఠశాల ఆయనది. ఆయనే ప్రధానోపాధ్యాయుడు, ఆయనే ఐదు తరగతులకీ మాస్టారు, ఆయనే గుమాస్తా. కొంతదూరం బస్సు, తర్వాత నడక. నేను మాత్రం పాలకొండలో కాన్వెంటు. ప్రభుత్వ టీచరు కొడుకు ప్రైవేటు బడిలో చదవడం మా వీధిలో వింత కాదు, ఇప్పుడు ఏ వీధిలోనూ కాదు. ఇందుకు మా నాన్నని తప్పుపట్టను. ఆయన జీతంతో నేను ఇంజినీరునయ్యాను. కానీ ఈ వ్యాసం రాసేవాడు ఏ గట్టున ఉన్నాడో మీకు ముందే తెలియాలి కదా.

1999 జులైలో మా కాన్వెంటుకి ఏదో సెలవొస్తే నాన్న నన్ను కూడా బడికి తీసుకెళ్ళాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మేం వెళ్ళేసరికే చింతచెట్టు కింద ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో అనాసపండు. మధ్యాహ్నం అన్నాల వేళ దాకా అక్కడే ఉన్నాడు. రమ్మని పిలిస్తే వరండా మెట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. ఆయన కొడుకు రెండో తరగతిలో అది మూడో ఏడు. ఆ మనిషి సవరలో చాలాసేపు మాట్లాడాడు. చేతులు తిప్పుతూ, కొడుకు తల మీద చెయ్యి వేసి, కొండవైపు చూపిస్తూ. నాన్న పిల్లాణ్ణి అడిగాడు, "ఏటంటన్నాడ్రా మీ అయ్య?" వాడు కాలి బొటనవేలితో నేల గీస్తూ, "బాగా సదవాలంట" అన్నాడు. అంత మాటకీ అంతే తెలుగు. నాన్న "సరే, రోజూ పంపమని సెప్పు" అన్నాడు. ఆయన అనాసపండు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిరిగొస్తూ దారిలో నాన్న అన్నాడు: "వీళ్ళకి చదువంటే పట్టదురా."

పండు ఇంట్లో అందరం తిన్నాం. బాగుంది.

ఆ మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకున్నాడు, వానల్లో పోడు పని వదిలేసి వచ్చాడు, సగం రోజు నిలబడ్డాడు. ఇది తల్లిదండ్రుల భాగస్వామ్యం కాకపోతే మరేది? నేను హైదరాబాదులో మా అమ్మాయి స్కూలు మీటింగుకి పోయేది ఏసీ కార్లో. నాకిచ్చేది పది నిమిషాలు. "మేథ్స్‌లో కొంచెం కాన్సన్‌ట్రేట్ చెయ్యాలి" అంటారు, తలూపి వస్తాను. యాప్‌లో 'పేరెంట్ అటెండెడ్' అని పచ్చ గుర్తు పడుతుంది. నా పచ్చ గుర్తుకి భాష అడ్డం రాలేదు, మెట్టు అడ్డం రాలేదు. ఆయన రాక ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

చట్టం ఏమందో కూడా చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి పనితీరు చూడాలి, అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యాలి, డబ్బు ఎలా ఖర్చవుతోందో గమనించాలి. కాగితం మీద ఇంతకంటే గొప్ప ప్రజాస్వామ్యం దొరకదు. ఇక ఆచరణ. నాలుగేళ్ళ కిందట ఊరెళ్ళినప్పుడు ఒక బడిలో ఆ కమిటీ తీర్మానాల పుస్తకం చూశాను. ఏ బడో చెప్పను. ప్రతి పేజీలో ఒకే దస్తూరి, శుద్ధమైన గ్రాంథికం: "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." కింద వేలిముద్రలు. వేలిముద్ర వేసిన తల్లికి తను ఏమి ఆమోదించిందో ఆమె భాషలో ఎవరూ చదివి వినిపించలేదు. మా ఉద్యోగంలో దీన్ని రబ్బరు స్టాంపు అంటాం. యూజరు ఫిర్యాదు చేస్తే 'యూజరు పొరపాటు' అని రాసి టికెట్ మూసేయడం కూడా మాకు తెలిసిన విద్యే. కొండమీది బడి విషయంలో దేశం మొత్తం ఆ పనే చేస్తోంది.

మొదటి అడ్డంకి భాష. ఇది కొత్త సంగతేమీ కాదు, సిగ్గుపడాల్సింది అక్కడే. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. వ్యావహారిక భాషోద్యమం గురించి ఉపన్యాసాలు దంచుతాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, సవరకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించాడన్నది ఆ ఉపన్యాసాల్లో ఒక వాక్యం, మహా అయితే రెండు. పిల్లవాడికి రాని భాషలో పాఠం చెప్పకూడదన్నదే ఆయన రెండు పోరాటాలకీ మూలం. మనకి పనికొచ్చే సగం తీసుకున్నాం. మిగతా సగం కొండమీద వదిలేశాం.

1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకి వీలు కల్పించమంటోంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది. అందులో సవర ఉంది, తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. మంచి పని. తర్వాత అందరి చూపూ ఇంగ్లీషు మీడియం మీదకి మళ్ళింది. కొండమీద మిగిలింది కొద్దిపాటి గౌరవ వేతనం మీద బతికే భాషా వాలంటీర్లు. సవర పిల్లవాడికి తెలుగే పరాయి భాష, ఇప్పుడు తెలుగు మెట్టెక్కకుండానే ఇంగ్లీషు మేడ ఎక్కమంటున్నాం.

"వాళ్ళే ఇంగ్లీషు కావాలంటున్నారు కదా, సవరలో చదివి ఏం చేస్తారు?" అని అడుగుతారు. బలమైన ప్రశ్నే, దాటవేయను. కావాలంటారు, ఎందుకు అనరు? నేను ఇంగ్లీషుతో తిండి తింటూ వాళ్ళని వద్దనడం బరితెగింపు. కానీ ఇంగ్లీషు నేర్పాలన్నా ఆరేళ్ళ పిల్లకి అర్థమయ్యే మాటతోనే మొదలుపెట్టాలి. ఇంట్లో వాళ్ళమ్మకీ ఆ బడి భాష ఒక ముక్క తెలిస్తేనే ఆమె "ఇవాళ ఏం చెప్పారు?" అని అడగగలదు. ఆ ప్రశ్న అడిగే దారి మూసేసి, అడగలేదని నిందిస్తున్నాం.

భాష తెలిసిన టీచరు ఎక్కణ్ణించి వస్తాడు? ఆ గూడల్లోంచే రావాలి. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషను చెల్లదంది. కోర్టు తర్కం కోర్టుది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు, ఈ పార్టీ ఆ పార్టీ అని లేదు, కోర్టుకి నిలబడే చట్టం ఒకటి తెస్తామని సభల్లో చెప్పినంత గట్టిగా అసెంబ్లీలో చెయ్యలేదు. స్థానిక టీచరు అంటే ఉద్యోగం ఒక్కటే కాదండీ. ఆ తండ్రి వరండా మెట్టు ఎక్కడానికి అదొక ధైర్యం.

ఇక తేదీలు. మెగా మీటింగుల్లో రెండోది 2025 జులై 10, నాట్ల కాలం, కొండమీద అనాస దిగే కాలం. మూడోది డిసెంబరు మొదటి వారం, కోతలు, నూర్పులు. కందికొత్తల పండగకి పిల్లలు రాకపోతే హాజరు పట్టీలో గైర్హాజరు. అమరావతిలో క్యాలెండరు వేసేవాళ్ళకి ఆ పండగ పేరైనా తెలుసా? మీటింగు గూడలోనే, పొద్దుగూకాక, సవరలో పెట్టి చూడండి. ఎంతమంది వస్తారో అప్పుడు లెక్కెట్టండి.

కొండమీద అందరు తండ్రులూ మహాత్ములని చెప్పడం లేదు. సారాలో పడ్డవాళ్ళున్నారు. పండగ సెలవులకి వచ్చిన పిల్లని హాస్టలుకి తిరిగి పంపనివాళ్ళున్నారు. కానీ ఆ పంపకపోవడం వెనక ఏముందో ఒకసారి చూడండి. 2025 అక్టోబరులో కురుపాం బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వ్యాపించి ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు, వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాత ఒక తల్లి కూతుర్ని ఇంట్లో ఉంచేసుకుంటే అది నిర్లక్ష్యమా? మా అపార్ట్‌మెంటు పిల్లలకి స్కూలు క్యాంటీన్లో కడుపునొప్పి వస్తే ఆ పద్నాలుగు బొటనవేళ్ళూ ప్రిన్సిపాల్ గది ముందుంటాయి. దాన్ని మనం చైతన్యం అంటాం. సవర తల్లి అదే పని తనకి చేతనైన పద్ధతిలో చేస్తే అవేర్‌నెస్ లేదంటాం.

మన కథల్లో కూడా కొండ అంటే పచ్చదనం, థింసా, ఇప్పపువ్వు. మల్లిపురం జగదీష్ 'శిలకోల' కథలు చదివినవాళ్ళకి వేరే సంగతి తెలుసు. ఆయనా అటువైపు టీచరే. టీచరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆరవై ఏళ్ళ కిందట ఇదే శ్రీకాకుళం ఏజెన్సీలో జనం ఒక బడిపంతులు వెంట కొండంతా కదిలారు. వెంపటాపు సత్యం మాస్టారి రాజకీయాలతో మీరు ఏకీభవించక్కర్లేదు. వాళ్ళకి మాస్టారంటే పట్టదని మాత్రం అనలేరు.

ఈ వ్యాసం రాసేముందు నాన్నకి ఫోన్ చేశాను. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆ అనాసపండు మనిషి గుర్తున్నాడా అని అడిగాను. గుర్తున్నాడట.

"ఆ రోజు ఆయన నిజంగా ఏం అడిగాడు నాన్నా?"

"ఏమోరా, ఆ పిల్లాడు సగమే చెప్పాడు. మిగతాది ఏటో." కాసేపాగి, "సవర నేర్చుకుందావని ఒక నోట్‌బుక్కు కూడా కొన్నానురా. నలభై మాటలు రాసుకున్నాను. ఈలోగా ట్రాన్స్‌ఫరొచ్చింది" అన్నాడు.

నోట్‌బుక్కు ఉందా అని అడిగితే, అటక మీద వెతకాలన్నాడు.