వార్ధక్యపు మరుగున క్షయ

ఇంటి పెద్ద కొన్ని నెలలుగా కంచములో సగమన్నము విడిచి లేచుచున్నను, కట్టిన పంచె నానాటికి వదులగుచున్నను, వీధి యరుగు వరకు నడచుసరికే ఆయాసముతో కూలబడుచున్నను, ‘వయసు మీద పడినది గదా’ యని ఇంటివారు సరిపెట్టుకొందురు. ఆ పెద్దయు నట్లే తలంచును. ఊపిరితిత్తుల క్షయకు ఈ యొక్క మాటను మించిన మరుగు మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము.

సాయంకాలపు జ్వరము, రాత్రివేళ చెమటలు, తెమడలో నెత్తుటి చారలు మొదలుగా క్షయ యనగానే మనకు స్ఫురించు లక్షణములు వృద్ధులయందు పలుమారు స్ఫుటముగా కానరావు. యౌవనమున సోకి, దశాబ్దములపాటు దేహములోనే నిద్రాణమై యున్న క్రిములు, ముదిమిచేతను మధుమేహముచేతను పోషణలోపముచేతను రోగనిరోధకశక్తి సన్నగిల్లిన తరుణమున మరల విజృంభించునుగాని, వానిని జ్వరరూపమున ప్రతిఘటించు సత్తువ ఆ శరీరమునకు అంతగా మిగిలియుండదు. ఎక్స్‌రే పటమున ఊపిరితిత్తుల పైభాగమునందలి గుల్లలకు బదులు క్రిందిభాగమున మసక మచ్చలు కనుపించి న్యుమోనియా యను భ్రాంతి కలిగించుటయు కద్దు. చిరకాలము చుట్టయో బీడీయో కాల్చినవారికి దగ్గు పాతచుట్టమే. తెమడ పరీక్ష చేయింపదలచినను, లోతునుండి దగ్గి కళ్లె తీయుటకు బలము చాలక ఉమ్మి మాత్రమే యిచ్చువారు పెక్కుమంది. 2019-21 నాటి జాతీయ సర్వేలో క్షయలక్షణములు గలవారిలో నూటికి 64 మంది వైద్యసహాయమే కోరలేదని తేలినది. వ్యాధి ప్రాబల్యము పెద్దవయసువారిలో అధికమని చెప్పినదియు ఆ సర్వేయే.

రోగము నిర్ణయమైన పిదప సైతము ‘వయసు’ అను ఆ మాట వెంటాడుట మానదు. ఆరు నెలల చికిత్సలో ఇథాంబుటాల్ వలన చూపు మందగించినచో శుక్లమనియు, ఐసోనయాజిడ్ వలన అరికాళ్లు తిమ్మిరెక్కినచో చక్కెరవ్యాధి యనియు, పైరజినమైడ్ మొదలగు మందులు కాలేయమును బాధించుటచే అన్నము సయింపకున్నచో మరల వయసే యనియు త్రోసిపుచ్చుట జరుగును. రిఫాంపిసిన్ కొన్ని మధుమేహపు మాత్రల ప్రభావమును తగ్గించుటచే రక్తములో చక్కెర పెరిగినచో, పథ్యము తప్పినాడని ముసలివానినే నిందింతురు. రోగము చేసిన అపకారమునకు ఈ నింద తోడగుట చూడ మనసు కలగును.

ఇట్టి మార్పులను గమనించు మనిషి రోగి చెంత నుండవలెను. ఒకనాడు మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము వంటి శానిటోరియములలో రోగిని నెలల తరబడి కనిపెట్టియుండెడివారు. ఇంటిపట్టున మందులు వాడినను శానిటోరియములో వాడినంత ఫలమే లభించునని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో నిరూపించినది. అసంఖ్యాకులగు పేదలకు చికిత్సను చేరువచేసిన ఆ సత్యమును నేను కాదనను. అయితే ఆ ఇంట మనిషి యొకరుండవలెను గదా! పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, చూపానని కళ్లతో మాత్రల అట్టను తడవుకొను ఒంటరి వృద్ధురాలికి ఇల్లే ఆస్పత్రి యనుట ఎంతవరకు న్యాయము?

ఇట్టివారిని కనిపెట్టియుండుటకు దారి లేకపోలేదు. ఆంధ్రప్రదేశమున నెల మొదట వృద్ధుల పింఛనును సిబ్బంది ఇంటికే చేర్చు ఏర్పాటు కలదు. ఆ సిబ్బంది చేతికి ఒక తూకపు యంత్రము నిచ్చి, ప్రతి నెలా బరువును ఒక పుస్తకమున వ్రాయించి, కారణము తెలియకుండ చిక్కిపోవుచున్న వారిని, దగ్గు ఉన్నను లేకున్నను, పరీక్షకు పంపుట ప్రభుత్వమునకు పెనుభారము కాజాలదు. చికిత్సలో నున్నవారికి ఇప్పుడిచ్చు నెలకు వేయి రూపాయల పోషణ సహాయము బ్యాంకు ఖాతాలో పడి యూరకుండుటగాక, గ్రుడ్డుగను పప్పుగను పాలుగను వారి కంచమునకు చేరుచున్నదో లేదో అదే మనిషి అదే దినమున చూడవచ్చును. అట్టలో మిగిలిన మాత్రలను లెక్కింపవచ్చును. చూపెట్లున్నది, అరికాళ్లు తిమ్మిరెక్కుచున్నవా, ఆకలి యగుచున్నదా యని అడిగి, సమాధానమును వైద్యునికి తెలుపవచ్చును.